చిన్నమ్మ చిగుళ్లు, చిన్నాయన శేర్వా

ఎల్లారెడ్డి ఊరి నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. చిన్నాయన గొంతు. "మీ చిన్నమ్మ పోయింది బిడ్డా. బీడీల ఆకు తడుపుకుంట తడుపుకుంటనే పక్కకు ఒరిగింది. లేపిన, లెవ్వలేదు" అన్నాడు. కామారెడ్డి బస్టాండుకు ఎలా వచ్చానో, ఎల్లారెడ్డి బస్సు ఎప్పుడెక్కానో నాకిప్పటికీ గుర్తు లేదు.

మా అమ్మ చెల్లెలు ఆమె. బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపిన తునికాకు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటే నోరు వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్పేది. నా బడి సెలవులన్నీ ఆ చాట పక్కనే గడిచాయి. నాకు మనుషుల్ని నవ్వుతూ చూడటం నేర్పింది ఆమే. బీడీకి దారం చుట్టి పంటితో పుటుక్కున తెంపేది. కత్తెర పక్కనే ఉన్నా అది ఆకు కత్తిరించడానికే. "దేవుడు నోట్లెనే పెట్టిండు గద కత్తెర" అనేది. కాల్చిన మక్కకంకి చేతికిస్తే బెండు తప్ప ఏమీ మిగిల్చేది కాదు.

ఆ పండ్లకే దిష్టి తగిలింది. ముందు కంకి మీద నెత్తుటి మరక కనిపించింది. తర్వాత పొద్దున మొహం కడిగితే ఉమ్మిలో ఎరుపు. చిగుళ్లు వాచాయి, పండ్లు కదిలాయి. వాసన వస్తోందేమోనని నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. దారం తెంపడానికి కత్తెర వెతుక్కోవడం చూసిన రోజు నా ప్రాణం ఉసూరుమంది.

మా వైపు ఎముక విరిగినవాళ్లకు పాయ శేర్వా తాగిస్తారు. పండ్లు కూడా ఎముకలే కదా అని చిన్నాయన లెక్క. ఆదివారం వస్తే పొయ్యి ముందు తానే కూర్చుని మేక కాళ్లు కాల్చి, గీకి, కడిగి, మధ్యాహ్నం దాకా ఉడికించేవాడు. నమలడానికి మెత్తగా ఉంటాయని కొవ్వు ముక్కలు కూడా వేసేవాడు. జొన్నరొట్టె అందులో నానబెట్టి ఇచ్చేవాడు. పైన నూనె తేలితే, "గదే బలం, పారబొయ్యకు" అని వెంటపడేవాడు. ఆమె గిన్నె ఎత్తి తాగేసేది.

ఆయాసం కూడా మొదలయ్యాక నేనే కామారెడ్డికి రమ్మన్నాను. పండ్ల డాక్టరు చిగుళ్లు చూశాడు, ఆమె ఎగశ్వాస చూశాడు, ముందు రక్తం పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. కొవ్వు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. ఆ కాగితం చూసి పెద్ద డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు.

"రక్తంల కొవ్వు, చిగుళ్ల జబ్బు... ఈ రెండు చాలామందిల కలిసే కనబడుతయి. ఏది ముందొచ్చిందో చెప్పలేం. రెండిటికీ మందులు వాడాలె. కొవ్వు కూర బంద్."

"పాయ శేర్వా సార్?" అని చిన్నాయన మెల్లగా అడిగాడు.

"పైన తేలే నూనె మొత్తం తీసేసి, ఎప్పుడన్న ఒకసారి."

బయటికొచ్చి ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. "బలమని పోసిన. నా చేతులతోనే పోసిన" అన్నాడు. చిన్నమ్మ పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు ప్రేమతోటి పోసినవు, నేను ఇష్టంతోటి తాగిన. మధ్యల కొవ్వుకేం ఎర్క?" అని, ఆ ఒక్కసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

చిగుళ్లు ఒక పక్క శుభ్రం చేశారు. రెండో పక్కకు రమ్మన్న నాటికి తెలంగాణ కోసం సమ్మె, బస్సులు బంద్. చిన్నాయన రోజూ బస్టాండు దాకా పోయి, ఖాళీ జాగా చూసి వచ్చేవాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆ సమ్మె మాదే. నేనూ రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ఉన్నాను. బస్సులు తిరగడం మొదలయ్యాక ఆమె రానంది. "నెత్తురు వస్తలేదు గద బిడ్డా. ఇంక నోరెందుకు కెలుకుడు?" గోలీలు మాత్రం వేసుకునేది. బతిమాలాను, తిట్టాను. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోయాక డాక్టరును అడిగాను. శేర్వానా, చిగుళ్లా, రాని బస్సులా? గుండె ఆగడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం అన్నాడు. నిజమే చెప్పి ఉంటాడు. దానితో నేనేం చేసుకోవాలో నాకు తెలియలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి, పిట్ట ముట్టేదాకా చూస్తాం. చిన్నాయన తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. పాయ ఉడికింది. గిన్నె దించి, గంటె తీసుకుని, పైన తేలిన నూనెను పక్క గిన్నెలోకి తీయడం మొదలుపెట్టాడు.

మా అమ్మ చూడలేకపోయింది. "ఇంకెందుకు మరిదీ? ఇగ దానికేమైతది?"

"డాక్టరు తియ్యమన్నడు గద వదినా" అన్నాడు, తలెత్తకుండా.

బయట అందరూ విస్తరి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. శేర్వా మీద ఇంకా చిన్న చిన్న చుక్కలు తేలుతూనే ఉన్నాయి. గంటె అంచుతో ఒక్కొక్కదాన్నే పట్టుకుంటూ ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు.