అక్షరాన్ని వదిలేసిన ఉలి

పక్కింట్లో మెట్లకు రాళ్లు వేస్తున్నారు. పొద్దుట్నుంచీ ఉలి చప్పుడు. టక్, టక్, కాస్త ఆగి మళ్లీ టక్. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వస్తుంటే పుస్తకం నా ఒళ్లోనే ఉండిపోయింది. నేను మాత్రం బందరు వెళ్లిపోయాను, కోటయ్య బాబాయి పక్కకి.

ఆయన మాకు చుట్టమేమీ కాదు, జగ్గయ్యపేటలో మా ఎదురింటాయన. ఒకప్పుడు నందిగామ దాకా సైకిలు మీద తిరిగి, అరిగి నున్నబడిన రోళ్లను, తిరగళ్లను ఉలితో గరుకు చేసేవాడు. కక్కు కొట్టడమంటారు దాన్ని. మిక్సీలు వచ్చాక ఆ పిలుపులు తగ్గిపోయాయి. ఆయనకు అక్షరం రాదు. నేను పదో తరగతితో ఆపేసి విత్తనాల కొట్లో చేరినవాణ్ణి. నా మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల మీదే సాగింది. సాయంత్రం నేను చదివింది చెబుతుంటే, అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని వినేవాడు. నాకు దొరికిన మొదటి శ్రోత ఆయనే.

మూడేళ్ల కిందట ఇంటిల్లిపాదీ బందరు చూడ్డానికి వెళ్తూ ఆయన్నీ రమ్మన్నాం. అప్పటికి ఆయన సముద్రం చూడలేదు. నేను నెల్లాళ్లు ఆ ఊరి చరిత్ర చదివి, బస్సు కంచికచర్ల చేరకముందే చెప్పడం మొదలుపెట్టాను.

"బాబాయిగారూ, ఈయన్ని బెజవాడలో దింపేద్దామా?" అంది మా ఆవిడ పద్మ. "మనం చూడ్డానికి ఏమీ మిగిల్చేలా లేడు."

"చెప్పనీ అమ్మా. నాకిప్పుడే అలలు వినపడుతున్నాయి" అన్నాడాయన.

డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం. ఉప్పుగాలికి ఎండ కూడా పలచబడినట్టుంది. మన పెద్దలు వాళ్లను వలందులనేవారని చెప్పాను. నల్లరాళ్ల మీద ఉబ్బెత్తు అక్షరాలు. ఆరో తరగతి చదివే మా హారిక నోటుబుక్కు తెరిచింది. సోమవారం క్లాసులో ఈ ప్రయాణం గురించి చదివి వినిపించాలి.

"ఇందులో ఏం రాసుంది నాన్నా?"

ఆ భాష నాకు రాదు. రాదని చెప్పడానికి నోరూ రాలేదు. "ఓడ కెప్టెను. తుఫానులో పోయాడు. భార్య ఏడేళ్లు ఒడ్డున ఎదురుచూసింది" అన్నాను. పాప కళ్లు పెద్దవి చేసుకుని రాసుకుంది.

బాబాయి రాతి పక్కన మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడుముతున్నాడు. "శీనూ, ఈ అక్షరాలు నీకొచ్చా?" అన్నాడు మెల్లగా. నేను పాప నోటుబుక్కు వైపు చూశాను.

"నాకు రావు. కొట్టినోడి చెయ్యి మాత్రం తెలుస్తంది. అక్షరాన్ని ముట్టుకోలేదు చూడు. చుట్టూ రాయంతా తీసేసి దాన్ని వదిలాడు. ఒక్క దెబ్బ ఎక్కువైతే ఊడిపోద్ది. ఎంత భయంభయంగా కొట్టుంటాడో!"

"చనిపోయింది ఎవరు తాతా?" అంది హారిక.

"తెలీదమ్మా" అన్నాడాయన, మంచినీళ్లు అడిగినంత తేలిగ్గా. లేస్తూ నా భుజం పట్టుకుని, చెవి దగ్గర, "సోమవారం క్లాసులో నిలబడేది పిల్ల, నువ్వు కాదు" అన్నాడు.

మంగినపూడిలో ఆయన పంచె ఎగ్గట్టి, మోకాలి లోతు నీళ్లలో చాలాసేపు అలా నిలబడిపోయాడు. నీళ్లేవో ఆకాశమేదో తెలియని ఆ లేతరంగులో ఆయన వీపు మాత్రం నల్లగా కనపడుతోంది. అది చూస్తూ పాపతో చెప్పేశాను. "ఆ భాష నాకు రాదమ్మా. కెప్టెను సంగతి కల్పించి చెప్పా."

"భార్య కూడానా?"

"ఆమె కూడా."

పాపకు నా మీద కోపం కన్నా ఆ లేని మనిషి పోయిందన్న దిగులే ఎక్కువైంది. పేజీ కొట్టేసి, "మరి వలందులన్నావే?" అంది అనుమానంగా.

"అది చదివిందే."

"పుస్తకం చూపించు."

మర్నాడు చూపించాను. వేలు పెట్టి రెండుసార్లు చదివాక గానీ నమ్మలేదు. సోమవారం క్లాసులో కెప్టెను బదులు, అక్షరం ఊడిపోతుందేమోనని భయపడ్డ శిల్పి గురించి చదివిందట. ఆ సాయంత్రం అది అరుగు మీద విని బాబాయి ఇంకోసారి చదవమన్నాడు.

ఆయన పోయి ఏడాదైంది. ఎవరేం అడిగినా ఇప్పటికీ నా నాలుక మీదికి ముందు కథే వస్తుంది. కాస్త ఆగుతాను. నిన్న హారిక ఏదో రాజు పేరు అడిగితే అలాగే ఆగి, "తెలీదమ్మా" అన్నాను.

"అయితే లేచి చొక్కా వేసుకో, లైబ్రరీ మూసేస్తారు" అంది.