ప్రార్థన చేయువారు

2022 వానాకాలం. రాయచూరు తీన్ కందిల్ సర్కిల్ దగ్గర మాది ఆహ్వాన కార్డులు వేసే చిన్న ప్రెస్. నాన్న తర్వాత నేనే చూసుకుంటున్నాను. మ్యాటర్, అంటే కార్డులో అచ్చయ్యే మాటలు, కంప్యూటర్‌లో కూర్చి, ప్రూఫ్ చూపించి, సరేనంటే అచ్చు వేయడం నా పని. మధ్యాహ్నాలు బేరం ఉండదు. బయట తుంపర, లోపల తడి ఇంకు వాసన, ఆరడానికి పరిచిన కార్డులు ఫ్యాన్ గాలికి మెల్లగా కదలడం. మేలుకున్నానో కునుకు తీస్తున్నానో నాకే తెలియని అలాంటి పూట, చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన రత్నమ్మ టీచర్ వచ్చారు.

కొడుకు డానియేలు కొత్తింటి గృహప్రతిష్ఠకు కార్డు కావాలన్నారు. క్రైస్తవులు కొత్తింట్లో చేరేముందు సంఘాన్ని పిలిచి చేసుకునే ప్రార్థన అది. ఆహ్వానించేవాళ్ళుగా రెండు పేర్లు చెప్పారు: డానియేలు, వినయ్.

“వినయ్ ఏమైతడు టీచర్?”

“ఇద్దరు ఒక్కటై బతుకుతున్నరమ్మా, మొగుడుపెండ్లాల లెక్క. ఎనిమిదేండ్లాయె.”

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలివి చూపించబోయి వినయ్ పక్కన ‘మిత్రుడు’ అని టైపు చేశాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

“తీసెయ్ బిడ్డా. దేవుణ్ణి ఇంట్లకు పిలిచేటప్పుడు గడప కాడ్నే అబద్ధమాడాల్నా?”

సిగ్గేసింది. తీసేశాను.

‘ప్రార్థన చేయువారు’ అన్నచోట మాత్రం ఖాళీ. పాస్టర్ రానన్నారట. టీచర్ భర్త జీవరత్నం గారు వాళ్ళ చర్చిలో సంఘపెద్ద, కొడుకుతో మాట్లాడక ఏళ్లయింది. ప్రార్థన కాకుండా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది లేదని డానియేలు పట్టుబట్టాడు. ఎవరో ఒకరు దొరక్కపోరంటూ ఆమె ప్రూఫ్ తీసుకుని వెళ్ళిపోయారు.

పది రోజులు ఆ ఫైలు అలాగే ఉంది. పని లేనప్పుడల్లా తెరిచి చూసేదాన్ని. ఆ తెల్లటి చోటు చూస్తూ కూర్చుంటే ఎవరో నడిచొస్తున్న చప్పుడు వినబడేది. తలెత్తితే వాన.

పదకొండో రోజు జీవరత్నం గారే వచ్చారు, చేతిలో అదే ప్రూఫ్‌తో. వినయ్ పేరు తీయించడానికే వచ్చారనుకుని లోలోపలే జగడానికి సిద్ధమయ్యాను. ఆయన గొడుగు మూసి స్టూలు మీద కూర్చున్నారు.

“దినాం పొద్దుగాల ప్రార్థనల పిల్లల పేర్లు చెప్తం. వాని పేరు కాడికొస్తే నా నోరు ఆగుతుండె. మా ఇంటామె అందుకొని వానిది, వినయ్‌ది ఇద్దరి పేర్లు చెప్తుండె. నిన్న నా నోట్లకెల్లే ఇద్దరి పేర్లు వచ్చినయ్.”

“అంటే తప్పు కాదనిపించిందా సార్?”

“ఇంకా తెల్వదమ్మా. ముప్పై ఏండ్లు తప్పనే బోధించిన. నాకు తెలిసేదాంక పిల్లలు వాకిట్ల నిలబడాల్నా?”

ఖాళీ మీద వేలు పెట్టి తన పేరు వేయమన్నారు. పక్కన ‘సంఘపెద్ద’ అని టైపు చేయబోతే ఆపారు.

“అది వద్దు. తండ్రి అని పెట్టు.”

“డానియేలు తండ్రి అనాల్నా?”

“ఉత్త తండ్రి చాలు. పైన ఇద్దరి పేర్లు ఉన్నయ్ గద.”

‘తండ్రి’ అని మాత్రం వేశాను. ఎన్నో వేల కార్డులు వేసినదాన్ని, బంధుత్వాలు నాకంటే ఎవరికి తెలుసని మిడిసిపడేదాన్ని. ఆ రోజు నుంచి ఎవరికి ఎవరేమవుతారో నా అంతట నేను రాయను. వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను.