రాగంలో దుఃఖం ఉంటుందా

నేను ఆదోనిలో తెలుగు పంతులుని. ఎమ్మిగనూరు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే ఒకాయన, నాకంటే పదేళ్ళు పెద్ద, నాకు స్నేహితుడు. ఆదివారాలు ఆయన ఆదోని వస్తే పత్తి మార్కెట్ దగ్గర టీ కొట్టులో కూర్చుని ఎప్పుడూ ఒకే సంగతి మీద వాదించుకునేవాళ్ళం: దుఃఖం రాగంలో ఉంటుందా, వినేవాడిలో ఉంటుందా అని.

రాగంలోనే ఉంటుందని నా పట్టు. భాష తెలియని పాటకు కూడా కళ్ళు చెమరుస్తాయి కదా అనేవాణ్ణి.

ఆయన నవ్వేవాడు. "ఏం లేదు సారూ. పొద్దున పెండ్లిలో వాయించిన పాటనే మద్యాన్నం సావుకాడ నిదానంగా వాయిస్తా. ఆడ ఎగురుతారు, ఈడ ఏడుస్తారు. పాటకేం తెలుసు?"

"వాయించేటప్పుడు నీకేమీ అనిపించదా అన్నా?"

"ఊపిరి సాలుతుందా లేదా అనేదే నా ద్యాస."

ఆ మాట నాకు మోటుగా తోచేది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, "ఆయనకది పని, నీకు పొద్దుపోక" అనేది.

నిరుడు వేసవిలో, రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి, ఆమె పోయింది. కబురు తెలిసి ఆయన పిలవకుండానే మేళంతో వచ్చాడు. పాడె ముందు నడుస్తూ వాయించాడు. ఆమెకు ఇష్టమని నేనెప్పుడో చెప్పిన పాటే. ఎంత చెవి పెట్టినా నాకది గాలి చప్పుడే. రాగం మీద అన్నేళ్ళు గొంతు చించుకున్నవాణ్ణి, ఆ రోజు రోడ్డు మీద కాళ్ళు కాలుతున్నాయని తప్ప మరేమీ తెలియలేదు. సిగ్గేసింది.

మూడు నెలలు ఆయనకు ఎదురుపడలేదు. తర్వాత, ఓడిపోయానని చెప్పడానికే ఎమ్మిగనూరు వెళ్ళాను. ఆయన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ముందు పళ్ళు రెండు లేవు. వాయించడం మానేశాడట.

"నువ్వన్నదే నిజమన్నా. పాటలో ఏమీ లేదు" అన్నాను.

ఆయన మంచం మీద జరిగి నాకు చోటిచ్చాడు.

"అట్లనొద్దు సారూ. ఆ దినం వాయిస్తాంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నేండ్లల్లో ఎప్పుడూ లేదు. ఆయమ్మను నేను రెండుసార్లకు మించి సూసిందే లేదు. మల్ల ఆ ఏడుపు యాడనుంచి వచ్చినట్టు? మీరు సెప్పిందే నిజమేమో. ఆ పొద్దునుంచి క్లారినెట్టును ముట్టాలంటే బయమైతాంది."

"పళ్ళు పోయినందుకు మానేశావనుకున్నాను."

"పండ్లు తర్వాత ఊడినాయ్ సారూ."

ఆయన భార్య టీ తెచ్చింది. వాదించే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. టీ తాగి బస్సెక్కాను. ఆ తర్వాత ఆయన ఆదివారాలు ఆదోని రాలేదు. రమ్మని నేనూ అడగలేదు.