మగ్గం గుంత పూడ్చనివ్వని వదిన

మోకాలి ఆపరేషనై ఆదోని ఆసుపత్రిలో పడుకున్న నన్ను రేపు పంపించేస్తారట. పెద్దవాడింటికా, చిన్నవాడింటికా, లేక నడక నేర్పే చోట కొన్నాళ్లు ఉంచడమా అని నా పిల్లలు వరండాలో నిలబడి తర్జనభర్జన పడుతున్నారు. వాళ్ల మాటలు సగం సగం వినబడుతుంటే ఎమ్మిగనూరులోని మా పెద్దవదిన గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మా నాయన మగ్గం మీదనే ముసలివాడైన మనిషి. తుంటి విరిగి ఈ ఆదోనిలోనే ఆపరేషన్ చేయించుకున్నప్పుడు, ఇక ఆయన నేయలేడని మా అన్నలు వాళ్లలో వాళ్లే తేల్చేసుకుని, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతను మట్టితో పూడ్చి ఆ చోట మంచం వేయాలనుకున్నారు. ప్రేమతోనే అనుకున్నారు, పాపం! మట్టి బండి వాకిట్లోకి వచ్చేసరికి వదిన కొంగు బిగించి అడ్డం నిలబడింది. "మామను అడిగినారా? కాలు ఆయప్పది, మగ్గం ఆయప్పది" అంటే అన్నలు బండిని వెనక్కి పంపించేశారు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆదోనికి వచ్చి, తనకు అర్థమయ్యేదాకా డాక్టరును అడిగి అడిగి విసిగించి, నాయన మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. ఊరికి పోతే మనవాళ్ల మధ్యే ఉంటావు గానీ కసరత్తు చేయించే మనిషి రోజూ రాడని, ఆదోనిలోనే కూతురింట్లో ఉంటే ఆసుపత్రి దగ్గరే గానీ అక్కడ ఉండటం నీకు మొహమాటమని, ఏదీ దాచకుండా, తొందరపెట్టకుండా చెప్పింది. నాయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"మళ్లా గుంతలో కాళ్లు పెడతానామ్మా?"

"పెడతావో లేదో డాక్టరే సెప్పలేకుండాడు మామా. గుంత మాత్రం పూడ్సనియ్యను."

నాయన నా ఇంటినే ఎంచుకున్నాడు. నడక వచ్చాక ఊరికి పోయాడు గానీ మళ్లీ నేయలేకపోయాడు. కింద కూర్చోనక్కర్లేకుండా వదిన రాట్నాన్ని బల్ల మీదికెక్కించి ఇస్తే, గుంత పక్కన కుర్చీ వేసుకుని పెద్దన్నకు నూలు కండెలు చుట్టిస్తూ, ఆయన నేతకు దర్జాగా వంకలు పెడుతూ బతికాడు. ఆ దర్జా వదిన పెట్టిన భిక్షే అంటాను నేను.

వదిన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దారులు ఎక్కువయ్యాయి, అడిగితే ఫోనే అన్నీ చెబుతోంది, నా పిల్లలూ మంచివాళ్లే. కానీ నా మంచం పక్కనున్న స్టూలు మీద పొద్దుటి నుంచి మందుల సంచి తప్ప ఎవరూ కూర్చోలేదు.