మోషే కాపలా

చనిపోయినవాళ్ళు తిరిగొస్తారంటే నేను ఒప్పుకోను. మా అమ్మ నన్నలా పెంచలేదు. చిన్నప్పుడు పోలియోతో నా కుడికాలు పొట్టిదైపోతే, బడికి పంపకుండా ఇంట్లోనే బైబిలు ఒళ్ళో పెట్టి చదువు చెప్పింది. దెయ్యాల కబుర్లని మా గుమ్మం తొక్కనిచ్చేది కాదు. నాకిప్పుడు యాభై దాటేయి. ఈ రోజుకీ వాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. అన్నయ్య, సుగుణ వదినలతో ఉంటాను. మిషను కుడతాను. పదకొండేళ్ళ కిందట మూతి కట్టేసిన గోనెసంచి ఒకటి కాలవలో తేలుతూ వస్తుంటే అన్నయ్య కర్రతో ఒడ్డుకి లాగేడు. అందులో మూడు కుక్కపిల్లలు. ఒక్కటే బతికుంది. బైబిల్లో మోషేలాగే నీళ్ళలోంచి తీసినవాడు కదా అని ఆ పేరే పెట్టేను. "ప్రవక్త పేరు కుక్కకేంటమ్మా!" అని పాస్టరుగారు మొహం చిట్లించేరు. ఊళ్ళోవాళ్ళకి అదే సరదా అయిపోయింది. చర్చి దగ్గర మమ్మల్ని చూడగానే, "ఆయ్, మోషేగారు వేంచేసేరండీ, దారివ్వండి" అనేవారు.

ప్రతి ఆదివారం వాడు నాతో వచ్చేవాడు. లోపలికి రానివ్వరు కాబట్టి, మెట్ల దగ్గర విడిచిన చెప్పుల్లో నావి వెతుక్కుని, వాటి మీద పొట్ట ఆనించి పడుకునేవాడు. నావి పోల్చుకోవడం కష్టం కాదు. కుడిచెప్పుకి మూడంగుళాల రబ్బరు అడుగు వేయించుకుంటాను. అలాంటి జత మా ఊరు మొత్తానికి అదొక్కటే. ఆరాధన అయ్యి నేను బయటికొచ్చేసరికి చెప్పులు వెచ్చగా ఉండేవి.

తర్వాత వాడికి కిడ్నీలు పాడయ్యేయి. "నయమయ్యేది కాదమ్మా, ఉన్నన్నాళ్ళు సుఖంగా చూసుకోండి" అన్నారు అమలాపురంలో పశువుల డాక్టరుగారు. ఏడాది పైన, రోజు మార్చి రోజు, మెడ దగ్గర చర్మం కింద సెలైను ఎక్కించేను. సీసాని కిటికీ ఊచకి కట్టేదాన్ని. సూది గుచ్చుతుంటే కదిలేవాడు కాదు. అయిపోయేక నా చెయ్యి ఓసారి నాకేవాడు. అన్ని రోజులు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం.

ఆఖరి ఆదివారానికి వాడు లేచి నిలబడి నాలుగు రోజులైంది. వాక్యం చదివే వంతు నాది. "గంటలో వచ్చేస్తాన్రా" అని చెప్పి వెళ్ళేను. తిరిగొచ్చేసరికి వరండాలో పక్క ఖాళీ. వాడు గేటు దగ్గర ఉన్నాడు, మూతి ఊచల సందులోంచి రోడ్డు వైపు పెట్టి. ఊపిరి లేదు. ఒళ్ళు ఇంకా చల్లబడలేదు. వంటింట్లో ఉన్న వదినకి చప్పుడే వినపడలేదట. వరండా నుంచి గేటు దాకా ఇసకలో ఈడ్చుకుంటూ వచ్చిన జాడ ఉంది.

నా వెనకాలే బయల్దేరేడు. వదిలేసి వెళ్ళిపోయిందనుకున్నాడా? ఆ నెలంతా ఇదే తొలిచేది. నాకు అన్నం సహించేది కాదు.

వాడు పోయిన నాలుగో ఆదివారం, ప్రసంగం మధ్యలో వాన అందుకుంది. రేకుల మీద మోతకి పాస్టరుగారి మాట వినపడక, పాటలు పాడుకుంటూ కూచున్నాం. అరగంటకి తెరిపిచ్చింది. బయటికొస్తే చెప్పులన్నీ నీళ్ళలో తేలుతున్నాయి. నావి విడిచినచోటే, కింద మెట్టు మీద, పక్కపక్కన ఉన్నాయి. మెట్టంతా తడి. చెప్పులు పొడి. పైన చూరు లేదు, చెట్టూ లేదు.

నాకు అందిద్దామని వదిన వంగి వాటిని పట్టుకుని, చటుక్కున వదిలేసింది.

"ఏంటొదినా?"

"నువ్వే తొడుక్కుని చూడు, రత్నం."

కాళ్ళు పెట్టేను. వెచ్చగా ఉన్నాయి.

"వీటి మీద ఎవరన్నా గొడుగు పెట్టేరేంటమ్మా?" అని వదిన అందరినీ అడిగింది.

"మా చెప్పులే కాలవలోకి పోతుంటే మీ ఆడపడుచుగారి చెప్పులకి గొడుగు పడతామా అండీ!" అని నవ్వేరు. ఏ కుక్కన్నా వచ్చి పడుకుందా అంటే, ఎవరూ చూడలేదన్నారు. ఇంటికెళ్ళి వెలుతుర్లో తిప్పి తిప్పి చూసేను, ఒక్క వెంట్రుకన్నా ఉంటుందేమోనని. లేదు.

ఆ మధ్యాహ్నం నాకు ఆకలేసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

పాస్టరుగారికి చెప్పేను, కోప్పడతారనుకుంటూనే. ఆయన కోప్పడలేదు, వంగి ఆ చెప్పుల్ని ఓసారి ముట్టుకుని చూసేరు. నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ తరవాత వాన పడ్డ ఆదివారాలు చాలా వచ్చేయి. నా చెప్పులూ అందరివాటితో పాటే తడుస్తున్నాయి. అడుగు ఊడిపోతుందని వదిన గోల. "లోపల పెట్టుకో తల్లీ, నిన్నెవరూ ఏమనరు" అంటుంది. నేను వినను. కింద మెట్టు మీదే విడిచి లోపలికి వెళతాను.