ఎవరి చెయ్యి?

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అంటారు. పందొమ్మిదేళ్లుగా దుప్పట్లు మడత పెడుతోంది. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రమే ఉంటుంది. షిఫ్టుకు నాలుగు వందల దుప్పట్లు, అన్నీ నిలబడే. లాండ్రీలో నాలుగు ఉతికే మెషిన్లు, ఒక ఆవిరి రోలరు, ఒక పొడవాటి బల్ల, పదకొండు మంది ఆడవాళ్లు ఉన్నారు. కుర్చీ లేదు.

కుర్చీ ఉన్నది పక్కనున్న స్టాకు గదిలో. అందులో కూర్చుని ఉతికిన బట్టలు వార్డులకు పంపే పెద్దాయన రిటైరవుతున్నాడన్న మాటను మడతక్క కంటే ముందు ఆమె మోకాళ్లు విన్నాయి. ఆ ఉద్యోగానికి కాలేజీ మొదటి సెమిస్టరు వ్యాసరచన పాసై ఉండాలని నోటీసు పెట్టారు. దుప్పట్లు లెక్కపెట్టేవాళ్లకు వ్యాసం ఎందుకో నోటీసులో లేదు. పనిచేసేవాళ్ల దారికి అడ్డంగా గేట్లు ఎవరు పెడతారో, ఎందుకు పెడతారో ఏ నోటీసులోనూ ఉండదు. మడతక్క ఆన్‌లైన్ కోర్సులో చేరింది.

పాఠాలు సాయంత్రం ఆరింటికి. ఫోను చక్కెర డబ్బాకు ఆనించి ముందు కూర్చునేది. మొదటి రోజు అత్తగారు మంచం మీద నుంచే అంతా విన్నది.

"ఎవరే ఆ పిల్ల, నిన్ను మీరు మీరు అంటోంది?"

"టీచరు, అత్తయ్యా."

"ఇంకా నీ సంగతి తెలియదు కాబోలు, పాపం."

మొదటి వ్యాసం, పనిచేసే చోట జరిగిన ఒక సంఘటన గురించి. మడతక్కకు రాయడం కొత్త కాదు. లాండ్రీ షిఫ్టు రిజిస్టరు పదేళ్లుగా ఆమే రాస్తోంది. దానికి సూపర్‌వైజరు పెట్టిన నియమం ఒకటుంది. ఏం జరిగిందో రాయాలి. ఎవరికి, ఎవరి వల్ల, ఎందుకు అన్నవి రాయకూడదు. "పేర్లు ఎక్కిస్తే పంచాయితీలమ్మా" అనేవాడు. చేతులు కాలకుండా రోలరు మీద ఉండే రేకు ఊడిపోయి ఆరేళ్లయింది. రిజిస్టరులో మాత్రం ఆరేళ్లుగా "రోలరు దగ్గర వేడి ఎక్కువ" అనే ఉంది.

ఆ అలవాటుతోనే వ్యాసం రాసి పంపింది. "మధ్యాహ్నం రెండింటికి చెయ్యి కాలింది. మందు రాయడమైనది. పని కొనసాగింది." ఐదు వందల మాటలు రాయమన్నారు. ఇంకేం మిగిలిందని రాయాలో ఆమెకు తెలియలేదు.

వందకు ఇరవై రెండు మార్కులు వచ్చాయి. పక్కన టీచరు ఎర్ర అక్షరాల్లో ఒకటే ప్రశ్న రాసింది. "ఎవరి చెయ్యి?"

మడతక్క తన కుడి చేతి మీద మచ్చ చూసుకుంది.

రెండో వ్యాసంలో ఏదో ఒక వాదన చెయ్యమన్నారు. కుర్చీల గురించి రాసింది. పనిచేసే చోట కుర్చీలు ఉండవచ్చు, లేకపోవచ్చు, రెంటికీ కారణాలు ఉంటాయి అని ముగించింది. ముప్పై ఒకటి వచ్చాయి. "ఇంతకూ మీరేమంటారు?" అని టీచరు అడిగింది.

"నేనేమంటాను, అత్తయ్యా?"

"నన్నడుగుతావేం? నన్నయితే పొద్దస్తమానం అంటూనే ఉంటావుగా."

మిగిలింది చివరి వ్యాసం. అందులో యాభై దాటితేనే పాసు. తన మాట చెప్పాలి, ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి, అది ఎవరు ఎప్పుడు అన్నారో కింద ఆధారం చూపించాలి. ఎదుటివాళ్లంటే ఎవరో ఆలోచించి, సూపర్‌వైజరు గదికి వెళ్లింది. స్టాకు గది ఉద్యోగానికి ఆమె పెట్టిన దరఖాస్తు ఆయన సంతకం కోసం ఆ బల్ల మీదే ఉంది.

"సార్, లాండ్రీలో కుర్చీ ఎందుకు లేదు?"

"కూర్చుంటే పని సాగదమ్మా. ఎందుకు?"

"వ్యాసానికి." చీటీ మీద రాసుకుంది. "మంగళవారం, పదిన్నర."

"టైమెందుకు?"

"ఎవరన్నారో, ఎప్పుడన్నారో రాయాలి సార్. లేకపోతే పదిహేను మార్కులు పోతాయి."

సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచి, తలుపు మూసి, మళ్లీ కూర్చున్నాడు.

"'అని ఒక అభిప్రాయం ఉంది' అని రాసుకో. నన్ను తీసెయ్."

"ఎవరి అభిప్రాయం అంటుంది సార్ మా టీచరు. వదిలే రకం కాదు."

"నీ దరఖాస్తు ఎవరి దగ్గరుందో గుర్తుందా?"

"కనబడుతోంది సార్. పోనీ ఇంకో కారణం చెప్పండి, అదే రాస్తాను."

ఆయన దరఖాస్తును ఫైలు కిందికి జరిపాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా."

మడతక్క అదీ రాసుకుంది.

టీ వేళకు సంగతి అందరికీ తెలిసిపోయింది. అక్కడందరికంటే పెద్దది రోలరు పిన్ని. రోలరు దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు.

"ఆయన మాట కొట్టెయ్యవే. ముందు సంతకం పెట్టించుకో. కుర్చీలో కూర్చున్నాక ఎన్నైనా రాసుకోవచ్చు."

"కూర్చున్నాక రాయబుద్ధి కాదు, పిన్నీ. స్టాకు గది పెద్దాయన ఇన్నేళ్లూ కూర్చునే ఉన్నాడుగా. మన కాళ్ల గురించి ఒక్క ముక్క రాశాడా?"

పిన్ని గ్లాసు కడగడానికి వెళ్లిపోయింది.

మడతక్క ఆదివారమంతా రాసింది. "నా కుడి చెయ్యి కాలింది. రోలరు మీద రేకు లేదు కాబట్టి కాలింది" అని మొదలుపెట్టింది. నిలబడి నిలబడి ఎవరి కాళ్లు ఎలా వాచాయో రాసింది. కుర్చీలు వెయ్యాల్సిందే అంది. సూపర్‌వైజరు అన్న రెండు మాటలూ రోజుతో, టైముతో కింద ఎక్కించింది.

అరవై మూడు వచ్చాయి. ముగింపు కొంచెం హడావుడిగా ఉందని టీచరు రాసింది.

దరఖాస్తు కూడా వచ్చింది, సంతకం లేకుండా. "పరిశీలించడమైనది. ప్రస్తుతం వీలుపడదు" అని ఉంది. మడతక్క రెండుసార్లు చదివింది. మొదటి వ్యాసం రాసింది తానే కాబట్టి ఆ పద్ధతి వెంటనే పోల్చుకుంది.

ఆ రోజు షిఫ్టు రిజిస్టరులో ఇలా రాసింది. "స్టాకు గదికి నేను పెట్టిన దరఖాస్తు మీద సూపర్‌వైజరు సంతకం చెయ్యలేదు. నాకు ఇరవై రెండు మార్కులప్పుడు దరఖాస్తు తీసుకున్నారు. పాసయ్యాక వీలుపడదన్నారు. కారణం అడిగాను, చెప్పలేదు." కింద తన పూర్తి పేరు రాసింది. రిజిస్టరు నెలాఖరున పై ఆఫీసుకు వెళుతుంది. ప్రతి పేజీకీ నంబరు ఉంటుంది కాబట్టి చింపడానికి లేదు.

సూపర్‌వైజరు నాలుగు రోజులు ఆ పేజీ చుట్టూ తిరిగాడు. ఐదో రోజు దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. న్యాయం గుర్తొచ్చి కాదు. ఆమెను రిజిస్టరుకు దూరంగా పంపడానికి అదొక్కటే దారి కనిపించింది. రిజిస్టరు రాసే పని రోలరు పిన్నికి అప్పగించాడు. ఆవిడకు రాత పెద్దగా రాదని ఆయన ధైర్యం.

మడతక్క స్టాకు గదిలో కూర్చున్న మూడో రోజు, పిన్ని ఒక చీటీ పట్టుకుని వచ్చింది.

"రిజిస్టరులో ఎక్కించే ముందు చూపిద్దామని. తప్పులుంటే చెప్పవే."

చీటీలో ఒకటే వాక్యం. "ఇవాళ కాళ్లు వాచినవి."

మడతక్క ఎర్ర పెన్ను తీసి, పక్కన రాసి తిరిగిచ్చింది. "ఎవరి కాళ్లు?"

పిన్ని కళ్లజోడు సర్దుకుని చదివింది. అలమరకు ఆనుకుని, కాగితం అరచేతిలో పెట్టుకుని, ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ పది పేర్లు రాసింది. నిలబడే.