పెద్దమ్మ ప్రార్థనలో చచ్చిన కాలు

ఆ రోజుల్లో నాకు భయం కూడా ఒక వరుసలో వేసేది. ముందు కారణం, తర్వాత లక్షణం, చివర చావు. (ఇది జరిగిన తేదీ నాకు బాగా గుర్తుంది, పరువు కోసం రాయడం లేదు.) మా దీవుల్లోని ఫెరార్గంజ్ బడిలో కొత్తగా సైన్సు టీచరుగా చేరాను. నరం కబురు ఎలా మోస్తుందో ఆ వారమే పిల్లలకు చెప్పాను. నరకణానికి బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. గోడలో చిన్న తలుపు తెరుచుకుంటే సోడియం లోపలికి దూసుకొస్తుంది, అక్కడ విద్యుత్తు తారుమారవుతుంది, ఆ కుదుపుకి పక్క తలుపు తెరుచుకుంటుంది, దాని కుదుపుకి ఆ పక్కది. అలా కాలి వేలి కబురు మెదడు దాకా పోతుంది. పాఠం పిల్లలకు వచ్చింది. నాకే కాస్త ఎక్కువ వచ్చింది.

సెలవురోజున బతు బస్తీలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. పొద్దున సముద్రం ఒడ్డున, క్లాసులో చూపిద్దామని చారల గుల్ల ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఓడలో పనిచేసే మావయ్య చూశాడు.

"అరే, ఛోడో దాన్ని. లోపల నత్త బతికే ఉంది. కుట్టే జాతి."

"కుడితే ఏమవుద్ది మావయ్యా?"

"ముందు మొద్దుబారుద్ది. తర్వాత కాళ్ళూ చేతులూ పడిపోతాయి. తర్వాత ఊపిరి. కొందరికి కుట్టినట్టే తెలీదు." ఇంత చెప్పి, "పద, చాయ్ తాగుదాం" అన్నాడు.

నత్తని నీళ్ళలో వదిలేశాను. భయాన్ని వదల్లేకపోయాను. అలాంటి విషం నరాల తలుపులనే మూసేస్తుందని చదివినదాన్ని మరి.

సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో ప్రార్థన కూటం. చాప మీద ఎడమకాలు మడిచి దాని మీదే కూర్చున్నాను. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే ఓడల్లో ఉన్నవాళ్ళూ, ఓడ టికెట్టు దొరకనివాళ్ళూ అందరూ అందులోకి రావాలి. మధ్యలో కదిలితే పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే గిల్లుతుంది. సగంలో కాలి వేళ్ళు కదపబోయాను. వేళ్ళు లేవు. చేత్తో తడిమితే ఎవరిదో కాలు తడిమినట్టుంది. ఒళ్ళు చల్లబడింది. ఇక మిగిలింది ఊపిరే.

"పెద్దమ్మా, నా కాలు పోయింది."

"చుప్. ఆమేన్ అయ్యాక చెప్పు."

ఆమేన్ దాకా ఉంటానో లేదో. కళ్ళవెంట నీళ్ళు కారాయి. అయ్యగారు అది చూసి, "ప్రభువా, ఈ బిడ్డ హృదయాన్ని కరిగించావు" అంటూ నాకోసం ప్రత్యేకంగా మరో ప్రార్థన అందుకున్నారు. (గుల్ల పట్టింది కుడిచెయ్యి, పోయింది ఎడమకాలు. పిల్లలెవరైనా ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని.)

ఆమేన్ కాగానే లేవబోయి పెద్దమ్మ మీద పడ్డాను. "నత్త కుట్టింది. చచ్చిపోతున్నాను" అన్నాను. మావయ్య ముఖం పాలిపోయింది. నా అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. పెద్దమ్మ మాత్రం నా పాదం లాగి ఒక్క గిల్లు గిల్లింది. వెయ్యి చీమలు ఒక్కసారి కుట్టాయి. కాలిమీదే కూర్చోవడంతో నలిగి, రక్తం అందక నోరు మూసుకున్న నరం, ఒత్తిడి పోగానే అడ్డదిడ్డంగా కబుర్లు పంపడం మొదలుపెట్టిందన్నమాట.

"తిమ్మిరే పిచ్చిమొహమా," అంది పెద్దమ్మ. "నా కాలు ఆదివారం ఆదివారం చస్తది, మళ్ళీ లేస్తది. నేనెప్పుడైనా ఏడ్చానా?"

అయ్యగారు ముఖానికి బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇన్నేళ్ళకి మొన్న డెలానీపూర్ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు నా పాదానికి సన్నని దారంలాంటిది తాకించి, "తెలుస్తోందా ఆంటీ?" అని అడిగింది. తెలియలేదు. సుగరు వల్ల నరాలు మొద్దుబారాయట. ఇది గిల్లితే పోయేది కాదట. నిజంగా కాలు పోతున్న ఈనాడు నేను ఏడవలేదు, మెత్తటి చెప్పులు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. ఇంటికొచ్చాక తలుపు వేసుకుని, చాప పరిచి, ఎడమకాలు మడిచి కాసేపు దానిమీద కూర్చున్నాను. ఒక్క చీమైనా వస్తుందేమోనని.